మూడో నంబరు రక్తం

కిందటివారం మీరూ నేనూ విడిపోయింది విశాఖపట్నంలో, మా ల్యాబులో, ఒక కవరు దగ్గర. ఆ కవరులో ఏడు నంబర్లు, వాటి ఎదురుగా ఏడు పేర్లు. ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. పాతవాళ్లు కాస్త ఓపిక పట్టండి.

నా పేరు దీప్తి. టెక్కలి అమ్మాయిని. హెపటైటిస్ బి వైరస్ మీద పరిశోధన నా పని. పలాసలో ఒక ట్రస్టు వాళ్ల డయాలసిస్ సెంటరు ఉంది, పేరు ఇక్కడ రాయను. ప్రతి మంగళవారం, శుక్రవారం భావనపాడులో ఒక ఆటో బయల్దేరి, దారిలో ఒక్కొక్కరినీ ఎక్కించుకుంటూ ఏడుగురు కిడ్నీ రోగులను అక్కడికి చేర్చేది. ఆరు నెలల్లో ఆ ఏడుగురికీ హెపటైటిస్ బి తేలింది. మొదట కామెర్లు వచ్చింది బొడ్డమ్మకు. భావనపాడులో చేపలు ఎండబెట్టి అమ్ముకునే మనిషి. ఆయాసంతో ఉన్నదాన్ని ఉన్నట్టుగా తెచ్చి చేర్పించారు కాబట్టి, చేరినప్పుడు చేయాల్సిన రక్తపరీక్ష కాగితం ఎవరి దగ్గరా లేదు. ఇంకేముంది, అందరి వేళ్లూ ఆమె వైపు తిరిగాయి. మిగతా ఆరుగురూ సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చారు. "రోగం దాచిపెట్టి చేరినవారికి ఈ కేంద్రంలో చోటు ఉండరాదు" అన్నది అందులో ఆఖరి వాక్యం. ఆ ఆరుగురికీ విడిగా ఒక గది, రెండు మిషన్లు కేటాయించారు. బొడ్డమ్మను మాత్రం తీసేశారు. సెంటర్లోంచే కాదు, ఆటోలోంచి కూడా. సోమవారం పది గంటలకు ట్రస్టు కమిటీ ముందు నా నివేదిక చదవాలి. ఆమెను తిరిగి చేర్చుకోవడం, చేర్చుకోకపోవడం దాని మీద ఉంది.

ఆ అర్జీ రాసింది మా నాన్నగారు. పేరి వేంకటాచలం మేస్టారు. వజ్రపుకొత్తూరు మండలంలో ఇరవై రెండేళ్లు లెక్కలు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరై, కిడ్నీలు పోగొట్టుకుని టెక్కలి చేరినవారు. ఆటోలో డ్రైవరు పక్క సీటు ఎప్పుడూ ఆయనదే.

కవరు విప్పాను. మూడో నంబరు ఎదురుగా ఆయన పేరే ఉంది.

మూడో నంబరైతే ఏమైంది అంటారా? ఈ వైరస్‌లో రకాలున్నాయి. ఏ, బి, సి, డి అంటూ పది దాకా పేర్లు పెట్టాం. మన వైపు ఎక్కువగా దొరికేది డి, అక్కడక్కడా ఏ. వైరస్ అంటే మూడువేల రెండువందల అక్షరాల రాత. ఆ రాతను మొదటి నుంచి చివరిదాకా రెండేసి వందల అక్షరాల ముక్కగా జరుపుకుంటూ పోయి, ఏ ముక్క ఏ రకానికి దగ్గరో కంప్యూటరు చేత గీతలు గీయిస్తాం. ఒకే రకమైతే ఒకే గీత చివరిదాకా పైన సాగుతుంది. ఈ ఏడుగురిలో అలా సాగలేదు. డి గీత పైన వెళ్తూ వెళ్తూ ఒకచోట చటుక్కున దిగిపోయింది, 'ఏ' గీత లేచింది, అయిదారువందల అక్షరాల తర్వాత మళ్లీ డి అందుకుంది. అంటే అతుకు. రెండు రకాలూ ఒకే మనిషి ఒంట్లో కలిసి ఉంటేనే పడే అతుకు. మా చిన్నప్పుడు వేసవి సెలవుల్లో నాన్నగారు మా పాత నోటుబుక్కుల్లో మిగిలిన తెల్లకాగితాలు చింపి, అన్నయ్యవీ నావీ కలిపి దబ్బనంతో కుట్టి రఫ్ నోటు చేసేవారు. అలాంటిదే ఇది. ఏడుగురిలోనూ కుట్టు ఒకేచోట, ఒకే అక్షరం దగ్గర పడింది. కాబట్టి ఒకరి నుంచే మిగతావాళ్లకు వెళ్లింది.

ఎవరి నుంచి అన్నది తేల్చడానికి ఒక్కొక్కరి రక్తంలోంచి ఇరవై వైరస్‌లు విడదీసి చదివాను. ఆరుగురిలో ఇరవైకి ఇరవై అతుకు వైరస్‌లే. మూడో నంబరులో మాత్రం పదకొండు అతుకువి, ఆరు అచ్చమైన డి, మూడు అచ్చమైన ఏ. చింపిన పాత పుస్తకాలు రెండూ, కుట్టిన కొత్త పుస్తకమూ ఒకే ఇంట్లో దొరికితే కుట్టుపని ఎక్కడ జరిగిందో వేరే చెప్పాలా?

శనివారం మొదటి బస్సు ఎక్కాను. కిటికీ పక్కన కూర్చుని ఉమాశంకర్‌కు ఫోన్ చేశాను. పలాస సెంటర్లో టెక్నీషియన్. మా నాన్నగారి దగ్గర పదో తరగతి చదివినవాడు.

"ఉమా, హెపారిన్ ఎవరికి ముందు ఇస్తావు, ఎలా ఇస్తావు, వరసగా చెప్పు" అన్నాను. మిషన్లో తిరిగే రక్తం గడ్డకట్టకుండా వేసే మందు అది. ఒక్క సీసా ఏడెనిమిదిమందికి సరిపోతుంది.

"అదేటండి మేడం, కొత్తగా అడుగుతన్నారు? ముందు మేస్టారికండి. ఆరి తరవాతే ఎవలికైనా. ఆరి దగ్గర సదుంకున్నోడిని, ఆరి కంటే ముందు ఇంకోలికి సూది ఎడతానా?"

"తర్వాత?"

"ఆరిని మిషనెక్కించిన అరగంటకి మళ్లీ ఇంకో డోసు ఎయ్యాలండి, ఆరి నెత్తురు బేగి గడ్డకట్టీద్ది. అప్పటికి మిగతావోలు ఇంకా మంచాలెక్కుతంటారు."

"ఆ రెండో డోసు ఏ సిరంజితో లాగుతావు?"

"ఆరి సిరంజితోనేనండి. ఆరిదే కదా, ఇంకోలది కాదు కదా! పారీకుండా పక్కనెట్టి, అదే సీసాలో పెట్టి లాగుతాను. ఆ తరవాత వరసలో మిగతావోలకి. ఆలకి మాత్రం ఒక్కోలికి ఒక్కో కొత్త సిరంజీ అండి, ఒట్టు."

"బొడ్డమ్మకు?"

"ఆమెకి ఆకర్నండి. సీసా అడుగున మిగిలింది."

వాడు దాచింది ఏమీ లేదు. గర్వంగా చెప్పాడు. సిరంజి ఆయనదే, సీసా అందరిదీ. ఆయన ఒంట్లోంచి వచ్చిన సూది మళ్లీ ఆ సీసాలో మునిగిందన్న సంగతి ఆ అమాయకుడికి తట్టలేదు. నాకు మాత్రం తట్టిందా? ఎన్నిసార్లు ఆ మంచం పక్కన కూర్చోలేదు? "ముందు మేస్టారికి" అని ఉమ అంటుంటే ఎన్నిసార్లు పొంగిపోలేదు? వయసుకు, చదువుకు, కులానికి ఇచ్చే మర్యాద ఆ గదిలో ఒక వరస కట్టింది. ఆ వరసలోనే రోగం నడిచింది. చివర నిలబడ్డ మనిషి మీద నేరం పడింది.

ఒక్క ఆశ మిగిలింది. నాన్నగారికి కూడా తెలిసి ఉండదు. ఎప్పుడో, ఎక్కడో అంటుకుని, తెలియకుండానే మోసి ఉంటారు. సెంటర్లో చేరినప్పుడు ఆయన ఇచ్చిన రిపోర్టు నెగెటివ్ కదా. ఏదో టెస్టు తప్పయి ఉంటుంది. కోటబొమ్మాళి దాటేదాకా ఆ ఆశనే పట్టుకుని కూర్చున్నాను.

ఇంటికెళ్లేసరికి పదీ పావు. అమ్మ వంటింట్లో సొరకాయ ముక్కలు ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కొత్త నీళ్లు పోస్తోంది. కిడ్నీ రోగి ఉన్న ఇంట్లో కూర ఏదైనా రెండుసార్లు ఉడకాలి. నాన్నగారు హాల్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఎర్రపెన్నుతో పేపర్లో సుడోకు నింపుతున్నారు. పక్కన అర లీటరు సీసా. రోజంతటికీ ఆయనకు అవే నీళ్లు.

"ఏమ్మా, సోమవారం కదా వస్తానన్నావు? ఒంట్లో బాగుందా?" అన్నారు.

ఎలా అడగాలో దారంతా అనుకుంటూనే వచ్చాను. ఒక్క మాటా గుర్తు లేదు. లాప్‌టాప్ తెరిచి భోజనాల బల్ల మీద పెట్టాను. గీతలు చూపించాను. అతుకు చూపించాను. పదకొండు, ఆరు, మూడు చూపించాను. లెక్కల మేస్టారు కదా, మా ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలకు రెండు రోజులు పట్టేది ఆయనకు పది నిమిషాల్లో అర్థమైంది.

"బాగుంది. చక్కగా చేశావు" అన్నారు. "ఎవరమ్మా ఆ మూడో నంబరు?"

"మీరు నాన్నగారూ."

ఆయన కళ్లజోడు తీశారు. తుడిచారు. మళ్లీ పెట్టుకున్నారు.

"నంబర్లు తారుమారై ఉండొచ్చు."

"రెండుసార్లు చేశాను. రెండోసారి మీ రక్తం నేనే స్వయంగా తీశాను. గుర్తులేదా?"

"అయితే నేనూ ఆ బొడ్డమ్మలాంటివాడినేనమ్మా. ఎప్పుడు అంటుకుందో, ఏమో. మనకేం తెలుస్తుంది?" ఆయన గొంతులో ఎక్కడా వణుకు లేదు. "తెలిసి ఎవరు చేస్తారు ఇలాంటిది?"

నమ్మేశాను. నమ్మడానికే కదా బస్సెక్కి వచ్చాను. "అవును నాన్నగారూ, తెలిసి ఎవరు చేస్తారు" అని నోటిదాకా వచ్చింది. అప్పుడే ఎందుకో శ్రీకాకుళం గుర్తొచ్చింది.

పదకొండేళ్ల కిందట, నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నప్పుడు, నాన్నగారు అమ్మనీ, అన్నయ్య గిరీష్‌నీ, నన్నూ శ్రీకాకుళం తీసుకెళ్లారు. టీచర్ల కుటుంబాలకు స్కీము, ఏదో టీకా అన్నారు. నెలకు మరోసారి. ఆ తర్వాత అయిదు నెలలకు ఇంకోసారి. ప్రతిసారీ హోటల్లో పెసరట్టు తినిపించేవారు. మాకు అదో విహారయాత్ర. "మీరు వేయించుకోరా?" అని అన్నయ్య అడిగితే "నాకు సూదంటే భయం రా" అన్నారు. పొట్ట పట్టుకుని నవ్వాం.

మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు. మూడు డోసులు. రాష్ట్రమంతా తిరిగి ఈ టీకా గురించి ఉపన్యాసాలు ఇచ్చేదాన్ని నేను. నా ఒంట్లో ఉన్న రక్షణ ఎక్కణ్నుంచి వచ్చిందో ఒక్కరోజూ ఆలోచించలేదు. ఇంట్లో ఒకరికి ఉంటే మిగతావాళ్లకు వేయించాలి. ఉన్నవాళ్లకు వేసి లాభం లేదు.

"నాన్నగారూ, మాకు టీకాలు ఎందుకు వేయించారు?"

ఆయన ఎర్రపెన్నుకు మూత పెట్టారు.

"మీరెందుకు వేయించుకోలేదు?"

వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది. నాన్నగారు సుడోకు పేపరు మడత పెట్టారు. ఆ మడత పెట్టడంలోనే నాకు తెలిసిపోయింది. దుఃఖం కాదు, ఒళ్లు మండిపోయింది.

"పదకొండేళ్లుగా తెలుసు మీకు!"

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడింది.

"ఎవరో స్టూడెంటుకి ఆపరేషనంటే రక్తం ఇవ్వడానికి వెళ్లారు" అంది. "అక్కడ చెప్పారు, మీ రక్తం పనికిరాదని. ఆ రాత్రంతా కూర్చుని ఏడ్చారే మీ నాన్న. తనకోసం కాదు, మీకు గాని అంటిస్తానేమోనని."

"మాకు అంటకుండా చూసుకున్నారు. బాగుంది. మరి సెంటర్లో చేరినప్పుడు ఇచ్చిన రిపోర్టు నెగెటివ్ ఎలా వచ్చిందమ్మా?"

అమ్మ నాన్నగారి వైపు చూసింది. ఆయన తల దించుకున్నారు.

"ఆ రక్తం నాది" అంది అమ్మ.

నేను విన్నది నాకే అర్థం కాలేదు. అమ్మ మెల్లగా చెప్పింది. ఆ పొద్దున్న ల్యాబతను ఇంటికొచ్చి ఇద్దరి దగ్గరా రక్తం తీశాడు. అమ్మది సుగరు కోసం, నాన్నగారిది సెంటరు కోసం. పేర్లు రాసిన రెండు చీటీలు. అతను కాఫీ తాగుతూ పేపరు చూస్తుండగా నాన్నగారు ఆ చీటీలు ఊడదీసి మార్చి అంటించారు. అమ్మ చూస్తూ ఊరుకుంది.

"నువ్వు కూడానా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నా టీకా మీకు గుట్టు, నా చదువు మీకు గొప్ప. ఊళ్లో అందరికీ 'మా అమ్మాయి ఆ వైరస్ మీదే పరిశోధన' అని చెప్పుకుంటూ, ఆ వైరస్‌ను ఇంట్లో పెట్టుకుని, నాకు మాత్రం చెప్పలేదు. కంచే చేను మేస్తే ఇంకెవరితో చెప్పుకోవాలమ్మా?"

"అరవకే. పక్కింటివాళ్లు వింటారు."

"వినాలి!"

అప్పుడు నాన్నగారు మాట్లాడారు. ఎప్పుడూ పుస్తకంలోంచి చదివినట్టు మాట్లాడే మనిషి, ఆ క్షణంలో ఉద్దానం మాటలోకి జారిపోయారు.

"పాజిటివ్ అంటే పలాసలో తీసుకోరు. అప్పటికి వేరే మిషను లేదు. వైజాగు పొమ్మంటారు. వారానికి రెండుసార్లు వైజాగు ఎలాగెళ్తానే? ఎవరు తీసుకెళ్తారు? నువ్వు చదువు మానీసి వచ్చీదానివా? ఒక్కోలికి ఒక్కో ఫిల్టరు, పేరు రాసి పెడతారని అన్నారు. ఎవలికీ ఏటీ కాదనుకున్నాను. సూదిలోంచి సీసాలోకి, సీసాలోంచి ఆలలోకి వెళ్తాదని నేనేటి కలగన్నానా?"

"అది నేను ఒప్పుకుంటాను. అర్జీ సంగతి చెప్పండి. బొడ్డమ్మ మీద అర్జీ రాసేటప్పుడు ఏమనుకున్నారు?"

"అందరూ వచ్చి మేస్టారూ మీరే రాయాలి అన్నారు. రాయను అంటే ఎందుకు రాయవు అంటారు."

"అందుకని రాసేశారు. రోగం దాచినవారికి చోటు ఉండరాదు అని మీ చేత్తో, ఆ ముత్యాల్లాంటి అక్షరాలతో! ఆమె తొమ్మిది రోజులుగా డయాలసిస్ లేకుండా ఉంది నాన్నగారూ. కాళ్లు పొంగి నేల మీద పెట్టలేకపోతోంది. ఆటోలో మీ సీటు వెనక కింద కూర్చుని వచ్చిన మనిషి."

ఆయన సీసాలోంచి ఒక గుక్క తాగి మూత పెట్టారు. చివరికి లాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నారు.

"సోమవారం కమిటీలో ఇది చూపిస్తావా?"

"చూపిస్తాను."

"నమ్ముతారా?"

"నమ్మక చస్తారా? రెండు అచ్చమైన రకాలూ, అతుకూ ఒకే మనిషిలో ఉన్నాయి. ఇంతకంటే ఏం కావాలి?"

"ఒక్క మూడో నంబరులోనే ఉన్నాయా? మిగతా ఆరింట్లో ఎక్కడా లేవా?"

"లేవు."

"అయితే మూడో నంబరు పక్కనపెడితే?"

చిన్నప్పుడు రేఖాగణితం చెప్పేటప్పుడు ఇలాగే అడిగేవారు. ఈ భుజం తీసేస్తే ఏమవుతుంది, ఈ కోణం లేకపోతే ఏమవుతుంది అని. నేను ఆ చిన్నపిల్లలాగే జవాబు చెప్పాను. "పక్కనపెడితే ఏమీ తేలదు. ఆరుగురూ ఒక్కటే. మొదట కామెర్లు వచ్చింది బొడ్డమ్మకు కాబట్టి ఆమెదే అంటారు."

"ఊఁ" అన్నారు. లాప్‌టాప్ మూసి, "తెల్లకాగితాలు తేమ్మా. నా బల్ల సొరుగులో ఉంటాయి. నేనే రాస్తాను. ఎవరి చేతో ఎందుకు, నేనే రాసివ్వాలి కదా" అన్నారు.

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. ఎంత కోపం వచ్చిందో అంత ప్రేమా ఒక్కసారి పొంగింది. తప్పు చేసినా మా నాన్నగారు మా నాన్నగారే అనుకున్నాను. కాగితాలు తెచ్చి, కింద అట్ట పెట్టి, పెన్ను చేతికిచ్చాను. చూశారా, అన్నీ నా చేత్తోనే అందించాను.

అంతలో ఫోను మోగింది. వరహాలు. బొడ్డమ్మ మొగుడు. అమ్మ వినకుండా గేటు దగ్గరికి వెళ్లి మాట్లాడాను.

"అమ్మగోరూ, పనుకోనేకపోతంది. పనుకుంటే ఊపిరాడతం నేదు. రేతిరంతా గోడకి జారబడి కూకుంది. వైజాగులో ఇంకా కాళీ నేదంట. ఏటి సెయ్యమంటారు?"

వెనక బొడ్డమ్మ గొంతు వినబడింది. "మేస్టారికి సెప్పమను. ఆరు ఒక్క ముక్క రాసిత్తే సెంటరోలు కాదంటారేటి?"

"అదేనమ్మా, పొద్దున్నించీ అదే పాట" అన్నాడు వరహాలు. "అర్జీ అందరూ కలిసి ఆరి సేత రాయించినారు గాని, ఆరి మనసులో ఏటీ నేదంట. మేస్టారు మంచోరంట."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "వరహాలూ, మేస్టారు ఇప్పుడే రాస్తున్నారు. నిజం. మా ఇంటికి తీసుకొచ్చెయ్యండి. ఆ కాగితం పట్టుకుని మనం నలుగురం తిన్నగా పలాస వెళ్దాం. సోమవారం దాకా ఎందుకు, ఇవాళే ఎక్కిస్తారు" అన్నాను. ఎంత ధైర్యంగా అన్నానో! పలాస డాక్టరు నంబరిచ్చి, దారిలో బొడ్డమ్మను పడుకోబెట్టొద్దనీ, నీళ్లు తాగించొద్దనీ చెప్పి, ఆటో దొరికిందని వాళ్లు మళ్లీ ఫోన్ చేసేదాకా గేటు దగ్గరే తిరిగాను. ఎంతలేదన్నా ఇరవై నిమిషాలు.

లోపలికి వచ్చేసరికి రాయడం అయిపోయింది. కాగితం కవరులో పెట్టి అంటించేశారు. నాన్నగారి ఫోను బల్ల మీద ఉంది.

"చదవనా?"

"ముందు భోంచెయ్యి. పొద్దున్నించి ఏం తిన్నావు గనక? తిన్నాక చదువుదువుగాని."

తిన్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ సొరకాయ కూరతో రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను. మనసు తేలికపడితే ఆకలి ఎలా వేస్తుందో మీకూ తెలుసు. నాన్నగారు ఎదురుగా కూర్చుని నేను తింటుంటే చూశారు. "మజ్జిగ పోసుకో" అన్నారు.

మజ్జిగ పోసుకుంటుండగా లక్ష్మీకుమారి మేడం దగ్గర్నుంచి ఫోను. మా గైడు. నంబర్లూ పేర్లూ ఉన్న కవరు నాకిచ్చింది ఆవిడే.

"దీప్తీ, మీ నాన్నగారితో మాట్లాడావా?"

"మాట్లాడాను మేడం. ఒప్పుకున్నారు. ఆయనే రాసిచ్చారు" అన్నాను సంతోషంగా.

"అవును. నాకు అందింది. పదకొండున్నరకు ఫొటో తీసి పంపారు."

"మీకా? మీకెందుకు పంపారు?"

"నువ్వు చదవలేదా? 'పరిశోధనలో పాల్గొనడం నుంచి నేను ఉపసంహరించుకుంటున్నాను. నా రక్త నమూనాలన్నీ ఈ రోజే నాశనం చేయవలసిందిగా, వాటి ఫలితాలు ఎక్కడా వాడకుండా తొలగించవలసిందిగా కోరుతున్నాను.' కింద సంతకం."

ఎంగిలి చేత్తో ఫోను అలాగే పట్టుకుని ఉండిపోయాను. మా పరిశోధనలో చేరే ప్రతి మనిషికీ మేమిచ్చే హామీ అది. ఏ కారణమూ చెప్పనక్కర్లేదు, ఎప్పుడైనా తప్పుకోవచ్చు, అడిగిన రోజే మీ రక్తం నాశనం చేస్తాం. ఆ పత్రాన్ని తెలుగులో రాసింది నేను. నా తెలుగు దిద్దింది నాన్నగారు. ఏడుగురిలో దాన్ని చివరిదాకా చదివిన మనిషి ఆయనొక్కరే.

"మేడం, చెయ్యకండి. ఒక్క రెండు రోజులు. సోమవారం అయ్యాక..."

"ఆపే హక్కు నాకు లేదమ్మా. నీకు అసలే లేదు. కమిటీకి ఇవ్వకముందే ఆయనకు ఫలితం చెప్పడం నువ్వు చేసిన తప్పు. నీ తండ్రి అని మర్చిపోయి మాట్లాడాల్సింది, లేదా తండ్రి కాబట్టి అసలు మాట్లాడకుండా ఉండాల్సింది." ఆవిడ గొంతు కాస్త మెత్తబడింది. "సాయంత్రం అయిదింటికి మూడో నంబరు సీసాలు తీసేస్తాను. నీ లాప్‌టాప్‌లో ఉన్నది కూడా తుడిచెయ్యాలి. ఆ లోపల ఆయనే మళ్లీ రాసి పంపితే సరే. ఇంకెవరు చెప్పినా కుదరదు."

ఫోను పెట్టేశాను. గడియారం పన్నెండూ ఇరవై.

"నాన్నగారూ!"

ఆయన నా కళ్లలోకి చూశారు. తప్పించుకోలేదు. అది ఇంకా దారుణంగా అనిపించింది.

"ఆమెకు ఇవాళ కాకపోతే రేపు వైజాగులో దొరుకుతాదమ్మా" అన్నారు. "నాకు నాతోపాటు సంతకం పెట్టిన ఆ అయిదుగురూ, ఈ ఊరూ, ఈ పేరూ పోతే ఇంకేటీ దొరకదు. అర్జీలో ఆ వాక్యం రాసింది నేనే. అది నా మీదికే వస్తాదని తెలిసి ఎలాగ ఊరుకుంటాను?"

"బొడ్డమ్మావాళ్లు మిమ్మల్ని నమ్ముతున్నారు!"

"నువ్వూ నమ్మావు" అన్నారు నెమ్మదిగా.

ఆ మాటకు అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను కవరు తీసి చింపాను. ఎంత అందమైన రాత! ఒక్క కొట్టివేత లేదు. ఇంకో తెల్లకాగితం లాగి ఆయన ముందు పెట్టాను. పెన్ను పెట్టాను. "మళ్లీ రాయండి. అయిదయ్యేలోగా రాయండి" అని అరిచాను. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

బయట ఆటో ఆగింది.

వరహాలు బొడ్డమ్మను చంకల కింద చేతులేసి దించుతున్నాడు. మొహం ఉబ్బి కళ్లు మూసుకుపోయాయి. గేటు నుంచి గుమ్మం దాకా పది అడుగులుంటాయి, మూడుసార్లు ఆగింది. లోపలికి రాకుండా మెట్టు మీదే కూలబడింది. అంత ఆయాసంలోనూ చెప్పులు విప్పి పక్కన పెట్టింది. నాన్నగారిని చూసి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

ఆమె బదులు వరహాలే అడిగాడు, తలపాగా తీసి చేత్తో పట్టుకుని.

"మేస్టారూ, అమ్మగోరు ఫోన్లో సెప్పినారు. మా కోసం రాత్తన్నారంట కదా. రాసీసినారా బాబూ?"

నాన్నగారు నా వైపు చూడలేదు.

"రాసేశాను వరహాలూ" అన్నారు.